ఏడో నంబరు శవం

శవం జేబులో ‘శవం’ అని అచ్చేసిన కార్డు దొరకడం డిపార్ట్‌మెంట్ చరిత్రలో అదే మొదటిసారి.

2003 మే నెల. కొత్తకోట దగ్గర హైవే దాబా. మిట్టమధ్యాహ్నం నులకమంచం మీద పడుకున్న మనిషిని, రొట్టెలు చల్లారుతున్నాయని దాబావాడు తట్టి లేపాడు. ఆ మనిషి లేవలేదు. చెవి వెనక సూదిమొనంత ఎర్ర చుక్క ఒకటి ఉంది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. వడదెబ్బ అన్నారు. ఆ ఏడాది ఎండలకు ఎవరు పోయినా వడదెబ్బే కనుక వాళ్ళని తప్పు పట్టడానికీ లేదు.

పోయినవాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ ఏజెంట్ దానియేలు. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. జేబులో దొరికింది ఒకే ఒక్క పసుపు కార్డు: ‘ఎక్సర్‌సైజ్ తంగేడు. రోల్ ప్లేయర్. పాత్ర: శవం.’

మర్నాడు పొద్దున గద్వాలలో, జరీ చీరల దుకాణం పైనున్న మేడగదిలో, ఏజెంట్ షాహిద్ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. వయసు ముప్ఫై నాలుగు. కొత్తకోట లారీ మెకానిక్ కొడుకు. మూడు భాషల్లో అబద్ధాలాడగలడు. పాలమూరు తెలుగులో అయితే అవి అబద్ధాలని అతనికే అనిపించదు. దానియేలు అతనికి పని నేర్పిన గురువు. ఆ సంగతి చీఫ్ శంకరయ్యకు తెలుసు కాబట్టి కాసేపు ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

“ఏటిపాడు తెలుసా?”

“శ్రీశైలం నీళ్ళల్లో మునిగిన ఊరు. కొల్లాపూర్ అవతల.”

“కరువుకు మళ్ళీ తేలింది. రాతిగోడలు నిలబడే ఉన్నాయి. సైన్యం వాటి మీద రేకులు కప్పి ట్రైనింగ్ విలేజ్ చేసింది. మిలిటెంట్లు ఊరిని పట్టుకుంటారు. కమాండోలు విడిపిస్తారు. ఊరన్నాక జనం ఉండాలి. అందుకని నలభైమందిని కూలికి పిలిపించారు. కొందరు గ్రామస్థులు, కొందరు గాయపడ్డవాళ్ళు. ఏడుగురు శవాలు.”

మిగతాది శంకరయ్య తనకలవాటైన పొడి గొంతుతో చెప్పుకుపోయాడు. మిత్రదేశం నుంచి ఒక జనరల్ అబ్జర్వర్‌గా వస్తున్నాడు. ఎక్సర్‌సైజ్ నచ్చితే రెండు దేశాలూ కలిసి ట్రైనింగ్ చేసే ఒప్పందం మీద సంతకం పడుతుంది. అది పడితే ‘మెర్క్యురీ’ అనే విదేశీ ఆయుధాల ముఠా వ్యాపారం సగం మూతపడుతుంది. అందుకని జనరల్ ఈ ఎక్సర్‌సైజ్‌లోనే, చూసేవాళ్ళకు యాక్సిడెంట్‌లా కనబడేట్టు చావాలి. ఊళ్ళో ఇంటింటికీ ఉత్తుత్తి బాంబులు పెట్టారు. చప్పుడూ పొగా తప్ప ఇంకేమీ రాని సరుకు. వాటిలో ఒకటి మాత్రం అసలుది కాబోతోంది. అది ఏ ఇంట్లో పెడతారో కనుక్కోబోయి దానియేలు పోయాడు.

“బాంబుల పని చూసేది ఎవరు?”

“పేరు మెకానిక్. అసలు పేరు వాళ్ళమ్మకైనా తెలుసో లేదో. రేపు పొద్దున వాడిని పట్టుకుంటే ముఠా ప్లాన్ మారుస్తుంది. కాబట్టి ముట్టుకోవద్దు.”

“లోపల మనవాళ్ళు?”

“తరన్నుమ్.”

తరన్నుమ్ మెర్క్యురీ దగ్గర ఒక జీతం, డిపార్ట్‌మెంట్ దగ్గర ఒక జీతం తీసుకుంటుంది. ఎవరి ఉప్పు తిని ఎవరికి పాడుతుందో రెండు వైపులా ఎవరికీ తెలియదు. జనాన్ని సమకూర్చే కంపెనీలో ఆమె కోఆర్డినేటర్. కోడ్ వర్డ్ చెప్పి శంకరయ్య లేచాడు. తలుపు దగ్గర ఆగి, అసలు మాట అప్పుడు చెప్పాడు.

“జనరల్ ప్రాణం ముఖ్యం. అంతకంటే ముఖ్యం, అక్కడ నిజం బాంబు ఉందన్న సంగతి ఆయనకు తెలియకపోవడం. తెలిసినా ఒప్పందం పోయినట్టే.”

షాహిద్‌కు రెండు పరికరాలిచ్చారు. చెవిటి మిషన్‌లా కనబడే వైర్‌లెస్ ఒకటి. ట్రాన్సిస్టర్ రేడియోలో దాచిన డిటెక్టర్ ఇంకొకటి. వేషం, మేకప్ మ్యాన్. పేరు గణేష్. ఉత్తుత్తి గాయాలు పూయడం పని.

మూడోరోజు తెల్లారి వనపర్తి బస్టాండ్ ముందు రెండు లారీలు నిలబడి ఉన్నాయి. తరన్నుమ్ తెల్ల సల్వార్, నల్ల కళ్ళజోడుతో జనానికి పసుపు కార్డులు పంచుతోంది. ఆ బస్టాండ్‌లో పల్లీలమ్మే ముసలివాడి నుంచి కండక్టర్ దాకా అందరి చూపూ ఆమె మీదే ఉంది. గూఢచారికి ఇంతకన్నా మంచి దాపరికం ఉండదు. ఆమెను చూసేవాడు ఆమె ఏం చేస్తోందో చూడడు.

“బేనిషాన్ మామిడి మార్కెట్‌కొచ్చిందా?” అని షాహిద్ అడిగాడు.

“ఈ ఏడు పూతే నిలవలేదు,” అని ఆమె కోడ్ పూర్తిచేసి, కార్డు ఇస్తూ గొంతు తగ్గించింది. “ఇల్లు ఏదో నాకింకా తెల్వదు. తెలిస్తే చెప్త. నన్ను వెతకకు.”

లారీల్లో ఎక్కిన జనమంతా కొల్లాపూర్ పక్క పునరావాస కాలనీవాళ్ళు. కూలి పనికి పోతున్నవాళ్ళలా లేరు. ఆడవాళ్ళు పెట్టెల్లోంచి తీసిన చీరలు కట్టుకున్నారు. పెంటమ్మ అనే ఆమె పిడకలు కూడా మూటగట్టుకొచ్చింది. ఎందుకమ్మా అంటే, పొయ్యి ముట్టించనీకె అంది. జాతరకు పోతున్నట్టుందని షాహిద్ అనుకున్నాడు కానీ అంతకుమించి ఆలోచించలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ దాని గురించి ఆలోచించాడు.

ఏటిపాడులో చెట్లు లేవు, తలుపులు లేవు. ఊరు ఖాళీ చేసినప్పుడే జనం దూలాలూ దర్వాజాలూ పీక్కుని బండ్ల మీద వేసుకుపోయారు. మిగిలింది రాయి. దాని మీద సైన్యం కప్పిన కొత్త రేకులు. ప్రతి ఇంటికీ తీగతో కట్టిన నంబరు బోర్డు. లిస్టులో ఎవరి పేరుకు ఏ నంబరుంటే వాళ్ళు ఆ ఇంట్లో ఉండాలి. ఒక కెప్టెన్ మైకులో రూల్స్ చదివాడు. కమాండోలు వస్తే అరవాలి, ఏడవాలి, బాంబు బాంబు అని పరుగెత్తాలి. శవాలు మాత్రం ఎవరేమన్నా, ఏం జరిగినా, విజిల్ పడేదాకా కదలకూడదు. కదిలినవాళ్ళకు రేపు పని లేదు. ఎక్సర్‌సైజ్ రెండు రోజులు.

ఎనిమిదిన్నరకు మేకప్ టెంట్‌లోకి ఏడో నంబరు శవం వచ్చింది. పేరు ఖాజా మియా. అరవై దాటిన మనిషి, బక్కపలచన. వెనకే భార్య తాజ్‌బీ. ఆమెది శవం మీద పడి ఏడ్చే పాత్ర. పొద్దుటినుంచి ఎంత ప్రయత్నించినా ఏడుపు రావడం లేదట. మొగుడి మొహం చూస్తే నవ్వొస్తోందట. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇప్పుడూ నవ్వుతోంది.

షాహిద్ ఖాజా మియా ఛాతీ మీద కుంకుమా గ్లిసరినూ కలిపి తుపాకీ గాయం వేశాడు.

“గణేషు సారూ, ఈ రంగు కడిగితె పోతదా? పగటి నమాజుకు వజూ చేస్కోవాలె.”

“పోతది తాతా.”

“సాలు. నేను కదలను. నువ్వు ఫికర్ చేయకు. నా ఇంట్ల నేను నడుము వాల్చి ఇరవై రెండేండ్లాయె. కచేరీల సుట్టు తిరిగి తిరిగి, ఒక్కసారి సూసొస్తమంటె రానియ్యలే. ఇయ్యాల వాళ్ళే పిలిచి పండుకొమ్మన్నరు. రేపు గూడ పండుకోవాలె.”

షాహిద్ ఊరికే తలూపాడు. అతని దృష్టి టెంట్ బయట బోర్డులు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న జనం మీద పడింది. ఒకామె ఇరవై రెండు, ఇంకొకాయన తొమ్మిది. సైన్యంవాళ్ళ ఏర్పాటేదో అనుకుని, గాయాల డబ్బా సర్దుకున్నాడు.

తొమ్మిదిన్నరకు డిటెక్టర్ చేతులెత్తేసింది. ఉత్తుత్తి బాంబులో కూడా మందు ఉంటుంది కదా, ప్రతి ఇంటి ముందూ ట్రాన్సిస్టర్ కుయ్యిమంది. హైదరాబాద్ ల్యాబ్‌లో దాన్ని తయారుచేసిన పెద్దమనిషికి ఈ సంగతి తట్టినట్టు లేదు. పదింటికి కమాండోలు దిగారు. ఊరంతా పొగ, టపటప చప్పుళ్ళు, జనం అరుపులు. ‘బాంబు, బాంబు’ అని ముసలీముతకా గొంతు చించుకుంటున్నారు. మొదట్లో సిగ్గుపడ్డవాళ్ళు కూడా పోటీపడి అరుస్తున్నారు.

పది ఇరవైకి తరన్నుమ్ లిస్టు చూసుకుంటున్నట్టు నటిస్తూ పక్కకొచ్చింది. కళ్ళజోడు కింద చెంపలు పాలిపోయి ఉన్నాయి.

“పద్నాలుగు. మెకానిక్ ఇప్పుడే జీపెక్కి పోయిండు. పోతా పోతా, పది నలభై ఐదుకి పద్నాలుగో ఇంటి దిక్కు పోవద్దన్నడు. నిన్న సాయంత్రమే పెట్టిండంట.”

పది నలభై ఐదుకు జనరల్ పద్నాలుగో ఇంట్లో ఉండాలని స్క్రిప్టులోనే ఉంది. షాహిద్ పరుగెత్తాడు. పద్నాలుగో నంబరు ఊరి చివర్న కనబడింది. లోపల పెంటమ్మ పిడకలతో పొయ్యి ముట్టించి చాయ కాస్తోంది. షాహిద్ మూలలు వెతికాడు, రాళ్ళు తీశాడు, పొయ్యి కింద తవ్వాడు. ఉత్తుత్తి డబ్బా ఒక్కటి దొరికింది. అసలుది లేదు. తరన్నుమ్ అమ్ముడుపోయిందనుకున్నాడు. మనసులో ఆమెను అనరాని మాట అన్నాడు. ఆ మాటకు తర్వాత సిగ్గుపడ్డాడు. టైము పది ముప్ఫై ఆరు.

“ఏం పోగొట్టుకున్నవు సారూ, నా ఇల్లంత తవ్వబడ్తివి?” అని పెంటమ్మ అడిగింది.

“నీ ఇల్లా?”

“నా ఇల్లే. గా పెద్ద బండ మా మామ ఏసిందే. మిల్ట్రోళ్ళు పద్నాలుగు నంబరు తీస్కపోయి మూడో గల్లీల ఖాజామియా ఇంటికి కట్టిండ్రు. ఆయనింట్ల నేనెట్లుంట? బోర్డు ఇప్పుకొచ్చి నా ఇంటికి కట్టుకుంటి.”

“నువ్వొక్కదానివేనా?”

“అందరం. ఎవరిల్లు వాళ్ళం తెచ్చుకుంటిమి.”

లారీలో ఎక్కినవాళ్ళు రోల్ ప్లేయర్లు కాదు, ఈ ఊరివాళ్ళు. ఆ సంగతి సైన్యానికి తెలియదు, ముఠాకు తెలియదు, డిపార్ట్‌మెంట్‌కూ తెలియదు. బాంబు నిన్నటి పద్నాలుగులో ఉంది. జనరల్ ఇవాళ్టి పద్నాలుగుకు వస్తున్నాడు. అప్పటికే సందు చివర ఆయన టోపీ కనబడుతోంది. నిన్నటి పద్నాలుగులో, ఛాతీ మీద కుంకుమ గాయంతో, ఖాజా మియా పడుకుని ఉన్నాడు.

పరుగెత్తుతూనే వైర్‌లెస్‌లో చెప్పాడు. శంకరయ్య అంతా విని, నిట్టూర్చాడు. అది ఊరట నిట్టూర్పు.

“జనరల్ సేఫ్. మిషన్ కంప్లీట్. పక్కకు తప్పుకో.”

“ఆ ఇంట్లో ఇద్దరున్నారు సార్.”

“పాత్ర?”

“శవం. శవం భార్య.”

“నిజం బాంబుందని నువ్వు అల్లరి చేస్తే ఆయనకు తెలిసిపోతుంది షాహిద్. ఒప్పందం పోతుంది. దానియేలు దేనికి చచ్చిపోయాడో అది పోతుంది. ఇది ఆర్డర్.”

షాహిద్ చెవిటి మిషన్ పీకి జేబులో వేసుకున్నాడు.

మూడో గల్లీలో ఖాజా మియా ఇంటి గోడకు ఒక్కదానికే నీడ ఉంది. ఆ నీడలో ఇరవైమంది ఆడవాళ్ళు, పిల్లలు కూలబడి ఉన్నారు. బాంబుంది, లేవండి, పరుగెత్తండి అని షాహిద్ అరిచాడు. వాళ్ళు నేర్పినట్టే గుండెలు బాదుకుని ‘బాంబు, బాంబు’ అని అంతకంటే గట్టిగా అరిచారు. అరిచి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఒక్కరూ లేవలేదు. ఒకామె మాత్రం, మేకప్ సారు మస్తు చేస్తున్నడని మెచ్చుకుంది.

లోపల ఖాజా మియా కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకున్నాడు. తాజ్‌బీ పక్కన కూర్చుని విసనకర్ర విసురుతోంది. శవానికి విసరకూడదని ఎవరూ చెప్పినట్టు లేదు.

“తాతా, లే. ఇక్కడ నిజం బాంబుంది.”

ఖాజా మియా పెదాలు కదిలీ కదలనట్టు కదిలాయి. “విజిల్ పడలే.”

“తాతా, నిజంగనే చెప్తున్న.”

“అందరు గట్లనే అంటున్నరు సారూ. లేస్తె రేపు రానియ్యరు.”

తాజ్‌బీ మాత్రం తన ఫిర్యాదు తను చెప్పుకుంది. “కొడుకా, గది సూడు. మా దీపం గూడు ఎవడో మట్టి పెట్టి పూడ్చిండు. నిన్ననో మొన్ననో పూడ్చిండు, ఇంక తడిగనే ఉంది.”

షాహిద్ గూటి దగ్గరికి దూకాడు. గోళ్ళతో మట్టి పీకాడు. లోపల బూడిదరంగు పెట్టె, రెండు వైర్లు, చిన్న గడియారం. రెండు నిమిషాల పది సెకన్లు. వైర్లు కలిపిన తీరు చూడగానే అర్థమైంది, కత్తిరిస్తే అప్పుడే పేలుతుంది. మెకానిక్ పనిమంతుడు.

పెట్టెను రెండు చేతులా గుండెకు ఆనించుకుని షాహిద్ ఖాజా మియా తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈసారి అరవలేదు. వేషాన్ని, గణేష్ పేరును, పన్నెండేళ్ళ సర్వీసును అక్కడే వదిలేసి, ఇంట్లో మాట్లాడే ఉర్దూలో, నిజమేనని ఒట్టేసి మెల్లగా అన్నాడు.

“చాచా. ఖుదా కసం. సచ్ బోల్‌రఁవ్.”

ఖాజా మియా కళ్ళు తెరిచాడు. మొదట షాహిద్ మొహం చూశాడు, తర్వాత పెట్టె చూశాడు. పొద్దుటినుంచి ఎవరూ అరవకుండా చెప్పిన మాట అదొక్కటే. లేచి కూర్చున్నాడు.

“బైట ఆడోళ్ళున్నరు,” అన్నాడు.

“లేవట్లేదు చాచా. ఎక్కడ పారేయాలి?”

“ఎనకల నా బాయి ఉంది. ఎనిమిది మట్ల లోతు. మా నాయిన తవ్వించిండు. ఇటియ్యి. రాళ్ళల్ల నీకు తొవ్వ దొరకదు. నువ్వు దీన్ని తీస్కపో.”

దీన్ని అంటే తాజ్‌బీని. షాహిద్ ఇవ్వనన్నాడు. కానీ అప్పటికే పెట్టె ముసలాయన చేతిలో ఉంది. అతను కూలిన గోడ రాళ్ళ మధ్యనుంచి, ఏ రాయీ తడుముకోకుండా, నిన్న మొన్నటిదాకా అక్కడే తిరిగినవాడిలా వెనక పెరట్లోకి పోయాడు. షాహిద్ తాజ్‌బీని ఈడ్చుకొచ్చి ముందు గోడ చాటున పడేసి, వెనక్కి పరుగెత్తి వెనక గుమ్మంలో నిలబడ్డాడు.

ఖాజా మియా బావి ఒరకు ఆనుకుని పెట్టెను లోపలికి వదిలాడు. నీళ్ళ చప్పుడు రాలేదు. మెత్తగా, దగ్గర్లోనే, తప్పుమని ఒక చప్పుడు వచ్చింది. ఇరవై రెండేళ్ళు కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రుతో ఆ బావి అంచుకు మోకాలి లోతు కిందిదాకా పూడుకుపోయింది. ముసలాయన వంగి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, ఇంట్లో ఏదో వస్తువు కనబడనప్పుడు చెప్పినట్టు, చాలా మామూలుగా చెప్పాడు.

“బాయి పూడిపోయింది సారూ.”

పది నలభై ఐదు అయింది.

ఒండ్రు దెబ్బను చాలావరకు మింగింది. గోడ నిలబడింది, గుమ్మంలోని షాహిద్ వెనక్కి పడ్డాడు. గోడ అవతలి ఇరవైమందికీ చెవులు గింగురుమనడం తప్ప ఏమీ కాలేదు. రెండు వందల గజాల దూరంలో, పెంటమ్మ ఇంట్లో ఇత్తడి గ్లాసులో చాయ తాగుతున్న జనరల్ ఆ చప్పుడు విని చప్పట్లు కొట్టాడు. తన ముప్ఫై ఏళ్ళ అనుభవంలో ఇంత సహజమైన ఎక్సర్‌సైజ్ చూడలేదన్నాడు. సంతకం ఆ మధ్యాహ్నమే పడింది. పెంటమ్మ చాయ కూడా ఆయనకు నచ్చింది.

మెకానిక్‌ను సాయంత్రానికల్లా కొత్తకోటలో, దానియేలు చనిపోయిన దాబాలోనే పట్టుకున్నారు. జేబులో విదేశీ పాస్‌పోర్టు ఉంది. గొడవ చేస్తే బాంబు సంగతి బయటపడుతుంది కాబట్టి మర్యాదగా విమానం ఎక్కించారు.

విజిల్ పడ్డాక మిగతా ఆరు శవాలూ లేచి దుమ్ము దులుపుకున్నాయి. తాజ్‌బీ పెరట్లో కూర్చుంది. పొద్దుట నవ్వాపుకోలేకపోయిన మనిషి ఇప్పుడు ఏడవనూ లేదు. షాహిద్ ఆమె ముందు కూర్చుని ఏదో చెప్పబోయాడు. పన్నెండేళ్ళలో ఎన్నో అబద్ధాలు చెప్పినవాడికి ఒక్క నిజం చెప్పడం చేతకాలేదు. చివరికి ఆమే మాట్లాడింది.

“ఈన్నే పెట్టుండ్రి. కాలనీకి తీస్కపోవద్దు.”

ఇరవై రెండేళ్ళుగా ఖాజా మియా అర్జీలను తొక్కిపెట్టిన ఆఫీసులు ఈ ఒక్కదానికి పది నిమిషాల్లో ఒప్పుకున్నాయి. ఆగస్టుకల్లా నీళ్ళొస్తాయి. గొయ్యీ బావీ ఊరూ అన్నీ మునుగుతాయి. ఎవరూ తవ్వి చూడరు. శంకరయ్య ఈ మాట వైర్‌లెస్‌లో అంటే వినడానికి షాహిద్ చెవిలో మిషన్ లేదు. జనాజా నమాజులో, గణేష్ అనే మేకప్ మ్యాన్ మొదటి వరసలో నిలబడ్డాడు. అదేమిటని కాలనీవాళ్ళెవరూ అడగలేదు.

అందరూ లారీలెక్కుతుంటే తరన్నుమ్ ఎక్సర్‌సైజ్ రిపోర్టు ఫారం పట్టుకుని వచ్చింది. కళ్ళజోడు లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఏం కాలేదని సంతకం చేయనంటే రెండు వైపుల వాళ్ళు నన్ను బతకనియ్యరు,” అంది.

షాహిద్ ఆమె చేతిలో ఖాజా మియా ఏడో నంబరు పసుపు కార్డు పెట్టాడు. ఆమె చాలాసేపు దాన్ని చూసి, ఫారం మోకాలి మీద పెట్టుకుని నింపింది. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది. సివిలియన్ మృతుల గడిలో ఆమె గుండ్రని దస్తూరీతో రాసింది ఇంతే: అనుకున్నవి ఏడు, అయినవి ఏడు, తేడా లేదు.